పుట్లూరు తోట నుంచి జెబెల్ అలీకి అరటి కంటైనర్: నా అనుభవం

గెల మీద కత్తి పడిన గంట నుంచి అరటికి లెక్క మొదలవుతుంది. అక్కడి నుంచి కాయ ఎవరి కోసమూ ఆగదు. కస్టమ్స్ పోర్టల్‌లో బ్యాంకు వివరాలు నమోదు కాలేదని, ఓడ కటాఫ్ (సరుకు అప్పగించే ఆఖరి గడువు) దాటిపోయిందని దానికి చెప్పి ఆపలేం. అనంతపురం జిల్లా పుట్లూరు, యల్లనూరు, నార్పల చుట్టుపక్కల తోటల నుంచి దుబాయ్‌లోని జెబెల్ అలీ పోర్టుకు సొంతంగా కంటైనర్ పంపాలనుకునేవాళ్ళకు నేను మొదట చెప్పే మాట ఇదే. కాగితాలన్నీ సిద్ధమై, ఓడలో చోటు ఖాయమైన తర్వాతే కోత కూలీలకు కబురు పెట్టండి.

2020 జనవరి 30న తాడిపత్రి స్టేషన్ నుంచి 43 రీఫర్ (చల్లదనం కాపాడే) కంటైనర్లలో 980 టన్నుల అరటితో ముంబై దగ్గరి నవా షేవా పోర్టుకు ప్రత్యేక రైలు బయలుదేరింది. మన జీ-9 రకం కాయ గల్ఫ్‌కు పోతుందని ఊరూరా తెలిసింది అప్పుడే. అయితే రైలు పెద్ద కంపెనీల పని. నలుగురు రైతులు కలిసి ఒక్క కంటైనర్ పంపాలంటే దారి రోడ్డే. తాడిపత్రి, గుత్తి, బళ్ళారి, హుబ్బళ్ళి, కొల్హాపూర్, పుణె మీదుగా నవా షేవాకు సుమారు 900 కిలోమీటర్లు. చెన్నై ఇందులో సగం దూరం కూడా ఉండదు కదా అని అందరూ అడుగుతారు. చెన్నై నుంచి గల్ఫ్‌కు పోవాలంటే ఓడ శ్రీలంక చుట్టూ తిరిగి రావాలి. రోడ్డు మీద మిగిలే రోజుకు బదులు సముద్రంలో చాలా రోజులు పోతాయి. మలేషియా, సింగపూర్ సరుకుకు చెన్నై మేలు, గల్ఫ్ అరటికి ముంబై వైపే మేలు.

కాగితాల్లో మొదటిది ఐఈసీ, అంటే ఎగుమతి, దిగుమతి చేసేవాళ్ళకు ఇచ్చే కోడ్. విదేశీ వాణిజ్యం చూసే కేంద్ర ఆఫీసు డీజీఎఫ్‌టీ పోర్టల్‌లో పాన్ నంబరు మీద, 500 రూపాయల ఫీజుతో వస్తుంది. ఒకసారి వస్తే జీవితాంతం అని చాలామంది దాన్ని మర్చిపోతారు. ఏటా ఏప్రిల్ నుంచి జూన్ లోపల పోర్టల్‌లోకి వెళ్ళి, మార్పులేమీ లేకపోయినా సరే, వివరాలు సరిచూసి అప్‌డేట్ చేయాలి. చేయకపోతే కోడ్ నిలిచిపోతుంది. ఆ సంగతి మనకు తెలిసేది షిప్పింగ్ బిల్లు (కస్టమ్స్‌కు ఇచ్చే ఎగుమతి పత్రం) వేసే రోజే. రెండోది వ్యవసాయ ఎగుమతులు చూసే కేంద్ర సంస్థ అపెడాలో రిజిస్ట్రేషన్, అంటే ఆర్‌సీఎంసీ. దీని ఫీజు 5,000 రూపాయలు, పైన జీఎస్టీ, గడువు ఐదేళ్ళు. ఈ రెండింటికీ పెద్ద కష్టం లేదు.

అసలు ఇబ్బంది ఏడీ కోడ్, అంటే ఎగుమతి డబ్బు వచ్చే బ్యాంకు శాఖ కోడ్ దగ్గర వస్తుంది. మన కరెంట్ అకౌంట్ ఉన్న బ్యాంకులో విదేశీ మారకం చూసే శాఖ, నిర్ణీత నమూనాలో లెటర్ ఇవ్వాలి. దాన్ని కస్టమ్స్ వాళ్ళ ఐస్‌గేట్ పోర్టల్‌లో ఎక్కించాలి. మేం మొదలుపెట్టిన నాటికి ఏ పోర్టు నుంచి పంపితే ఆ పోర్టు కోడ్ మీద విడిగా నమోదు కావాలి. మాకు చెన్నై మీద అయి ఉంది, నవా షేవా మీద లేదు. కస్టమ్స్ ఏజెంటు చూసుకుంటాడని మేం, మాకు ఎప్పుడో అయి ఉంటుందని ఏజెంటు, ఎవరికి వారు అనుకున్నాం. షిప్పింగ్ బిల్లు సిస్టమ్‌లో తిరగబడేసరికి 600 పెట్టెలు కోల్డ్ రూమ్‌లో ఉన్నాయి. నమోదు కావడానికి మూడు రోజులు పట్టింది, ఆ ఓడ వెళ్ళిపోయింది. ఆ పెట్టెలు బెంగళూరు మార్కెట్లో లోకల్ రేటుకు అమ్ముకోవాల్సి వచ్చింది. అందుకే ఇప్పుడు కొత్త పోర్టు అనగానే, ఐస్‌గేట్‌లో ఆ పోర్టు పేరు ఎదురుగా మన బ్యాంకు కనిపించే స్క్రీన్ షాట్ తీయించుకుంటాం. నోటిమాట మీద నమ్మకం పెట్టుకోం.

జీఎస్టీ విషయంలో ఒక మాట. తాజా అరటికి పన్ను మినహాయింపు ఉంది. మినహాయింపు సరుకు ఎగుమతికి ఎల్‌యూటీ (పన్ను కట్టకుండా పంపడానికి ఇచ్చే హామీ పత్రం) అవసరం లేదని 2018 మే నెల సర్క్యులర్‌లోనే ఉంది. అయినా చాలామంది ఏజెంట్లు అడుగుతారు. దాని ఆర్ఎఫ్‌డీ-11 ఫారం ఆన్‌లైన్‌లో ఉచితం, ఆర్థిక సంవత్సరానికి ఒకసారి వేస్తే చాలు. వాదించి సమయం పోగొట్టుకోవడం కంటే వేసి పెట్టుకోవడమే మంచిది. అట్టపెట్టెల మీద, రవాణా మీద కట్టిన జీఎస్టీ వాపసు అడగవచ్చు. దాన్ని వదులుకోవద్దు, పెట్టెల బిల్లే పెద్ద మొత్తం అవుతుంది.

సరుకు కోడ్ 0803 90 10, అంటే తాజా అరటిపండు. 0803 10 తో మొదలయ్యేది కూర అరటి జాతి. ఈ రెండూ తారుమారైతే ఫైటో సర్టిఫికెట్‌కూ (పురుగు, తెగులు లేవని ఇచ్చే పత్రం) షిప్పింగ్ బిల్లుకూ పొంతన కుదరదు.

కోతకు ముందు ఇంకొకటి చూడాలి, ఆ వారం డీజీఎఫ్‌టీ నోటిఫికేషన్లు. అరటికి అడ్డేమీ రాలేదు గానీ కడప జిల్లా కేపీ (కృష్ణాపురం) ఉల్లి రైతులను అడగండి. 2020 సెప్టెంబరు 14న ఉల్లి ఎగుమతి మొత్తం నిలిపేశారు. అక్టోబరు 9న కృష్ణాపురం ఉల్లికి 10,000 టన్నుల వరకు, అదీ చెన్నై పోర్టు నుంచి మాత్రమే, అనుమతి ఇచ్చారు. మన దేశంలో పెద్దగా ఎవరూ తినని, ఎగుమతి కోసమే పండించే ఉల్లి అది. మళ్ళీ 2023 ఆగస్టులో 40 శాతం సుంకం, డిసెంబరు 8న నిషేధం. 2024 మే 4న నిషేధం ఎత్తేసి టన్నుకు 550 డాలర్ల కనీస ధర పెట్టారు, సుంకం మాత్రం ఉంచారు. ఆ సెప్టెంబరులో కనీస ధర తీసేసి సుంకాన్ని 20 శాతం చేశారు. 2025 ఏప్రిల్ 1న అది కూడా పోయింది. పంట పొలంలో ఉండగా ఇన్నిసార్లు రూలు మారితే రైతు ఏం చేయగలడు? ఉల్లి వ్యాపారం చేసేవాళ్ళు పొద్దున్నే మార్కెట్ రేటుతో పాటు నోటిఫికేషన్ల పేజీ కూడా చూసేది అందుకే.

ఇక రోజుల లెక్క. దీన్ని ఓడ దగ్గర మొదలుపెట్టి వెనక్కి వేసుకోవాలి. ఓడ కటాఫ్ శనివారం రాత్రి 10 గంటలకు అనుకుందాం. శనివారం పగలంతా పోర్టు దగ్గర కాగితాల పనికి వదిలేయాలి. అంటే బండి శుక్రవారం రాత్రికో శనివారం తెల్లవారేసరికో అక్కడ ఉండాలి. రోడ్డు మీద 36 నుంచి 40 గంటలు. అంటే గురువారం మధ్యాహ్నానికి ఇక్కడ సీలు పడి బయలుదేరాలి. పొద్దున లోడింగ్. బుధవారం రాత్రంతా కాయ చల్లబడాలి. కాబట్టి కోత మంగళ, బుధవారాల్లో. మంగళవారం కోత అంటే సోమవారానికే బుకింగ్ నంబరు, ఖాళీ కంటైనర్ విడుదల పత్రం చేతిలో ఉండాలి. షిప్పింగ్ లైన్ ఓడను ఒకరోజు వెనక్కి జరిపితే మంగళవారం కోత కూడా ఒకరోజు జరగాలి. సోమవారం సాయంత్రం ఓడ ఎక్కడుందో ఒకసారి చూసుకుని అప్పుడు కూలీలకు ఫోన్ చేస్తాం.

ఎన్ని గెలలు కోయాలి? 40 అడుగుల హైక్యూబ్ రీఫర్‌లో 13 కిలోల పెట్టెలు 1,540 పడతాయి. కాయ నికర బరువు 20,020 కిలోలు. 28 కిలోల గెలలో బోదె (కాడ) పోను, చివరి అత్తాలు (కాయల వరుసలు), మచ్చ కాయలు తీసేస్తే 21 కిలోలు పెట్టెలోకి వెళ్తాయి. అంటే దాదాపు వెయ్యి గెలలు కావాలి. ఒక్క తోటలో ఒకే వయసు గెలలు వెయ్యి దొరకవు. గెల వేసిన వారాన్ని బట్టి రంగు రిబ్బను కట్టే అలవాటు ఉన్న తోటలనే మేం ఎంచుకుంటాం. రిబ్బను లేని తోటలో గెల వయసు చూపు మీద చెప్పాల్సిందే, చూపు ఎంత అనుభవం ఉన్నా పొరబడుతుంది. ముదిరిన ఒక్క అత్తం దారిలో పండితే దాని నుంచి వచ్చే ఇథిలీన్ వాయువు చుట్టూ ఉన్న పెట్టెలను కూడా పండిస్తుంది. 75 నుంచి 80 శాతం పక్వం, మధ్య కాయ మందం కాలిపర్‌తో 39 నుంచి 46 మిల్లీమీటర్లు, ఇది మా కొనుగోలుదారుడి కొలత. మీ ఆర్డర్‌లో ఏముందో అది పట్టుకోండి.

గెల నేల తాకకూడదు. భుజం మీద ఫోమ్ దిండు వేసుకుని మోయాలి, ట్రాక్టర్‌లో పరుపు వేసి నిలువుగా పేర్చాలి. ప్యాక్‌హౌస్‌లో అత్తాలు కోయగానే మొదటి తొట్టిలో పటిక కలిపిన నీళ్ళలోకి వెళ్ళాలి. కోసిన చోట నుంచి సొన కారుతూనే ఉంటుంది, అది ఆగేదాకా నీళ్ళలో ఉంచకపోతే కాయ మీద నల్లటి చారలు పడతాయి. ఇక్కడ పచ్చగా మెరిసే కాయ మీద ఆ చార కనిపించదు, పసుపు రంగుకు తిరిగాక దుబాయ్‌లో కనిపిస్తుంది. తొట్టి నీళ్ళు మధ్యాహ్నానికి చిక్కబడితే మార్చేయాలి, ఈ ఒక్క పని దగ్గర నేనెప్పుడూ రాజీపడను. అత్తం మొదలు కత్తి పదునుగా ఉంటేనే నున్నగా తెగుతుంది. చిరిగిన మొదలు దగ్గరే కుళ్ళు మొదలవుతుంది. శిలీంద్రనాశిని వాడితే దిగుమతి దేశం అవశేషాల పరిమితి ముందు కనుక్కోవాలి.

పెట్టెలో 13 కిలోలకు సరిగ్గా 13 వేస్తే అక్కడ దిగేసరికి తగ్గుతుంది. నీరు ఆరిపోయే బరువుకు 300 నుంచి 400 గ్రాములు ఎక్కువ వేస్తాం.

తర్వాత చల్లబరచడం. రీఫర్ కంటైనర్ ఉన్న చల్లదనాన్ని కాపాడుతుందే తప్ప వేడి కాయను చల్లబరచలేదు. ఇది అర్థం కాక పోయిన కంటైనర్లు చాలా ఉన్నాయి. తోట నుంచి వచ్చేటప్పుడు కాయ లోపల 32, 33 డిగ్రీలుంటుంది. కోల్డ్ రూమ్‌లో చల్లగాలిని పెట్టెల రంధ్రాల గుండా బలవంతంగా లాగాలి. ఒక రాత్రి కోల్డ్ రూమ్ కుర్రాడు ఫోన్ చేసి, "అన్నా, పదమూడున్నర చూపిస్తాంది, తలుపు తీసేదా?" అన్నాడు. "అది గాలి నాయనా, కాయలో గుచ్చి చూడు" అన్నాం. గోడ మీద మీటరు 13.5. వరుస మధ్యలో ఉన్న పెట్టె తీసి, కాయకు సూది థర్మామీటరు గుచ్చితే 19. ఇంకో ఐదు గంటలు పట్టింది. పై పెట్టె, కింది పెట్టె, వరుస నడిమి పెట్టె, ఈ మూడు చోట్లా కాయ లోపల 14 లోపు వస్తేనే లోడింగ్. అలాగని 13 కిందికి దిగనివ్వకూడదు. చలి దెబ్బ తిన్న కాయ తొక్క కింద గోధుమ రంగు గీతలు పడి, పండినా బూడిద రంగులో మొద్దుగా ఉంటుంది.

ఖాళీ కంటైనర్ రాగానే ప్రయాణానికి ముందు చేసే పరీక్ష స్టిక్కరు తేదీ చూడాలి. మనిషి లోపలికి వెళ్ళి తలుపులు మూయించుకుని, ఎక్కడైనా వెలుతురు చుక్క కనిపిస్తుందా అని చూడాలి. నేల గాడుల్లో పాత సరుకు చెత్త ఉంటే కడిగించాలి, గాలి ఆ గాడుల్లోంచే వస్తుంది. సెట్టింగ్ 13.5 డిగ్రీలు, వెంటిలేషన్ గంటకు 25 క్యూబిక్ మీటర్లు. ఈ రెండూ బుకింగ్ కాగితంలో ఉన్నట్టే మెషీన్ మీద ఉన్నాయా చూసి ఫోటో తీయాలి. వెంటిలేషన్ మూసి పంపితే లోపలి ఇథిలీన్, బొగ్గుపులుసు వాయువు బయటికి పోవు. లోడింగ్ జరిగేటప్పుడు మెషీన్ ఆపేయాలి. తలుపు తెరిచి నడిపితే బయటి తేమ లోపలి కాయిల్ మీద మంచు కడుతుంది. లోపల ఎర్ర గీత దాటి పెట్టెలు పేర్చకూడదు. తలుపు దగ్గర ఖాళీగా మిగిలిన నేలను అట్టతో కప్పాలి, లేదంటే గాలి కాయ మధ్యకు పోకుండా అక్కడే పైకి తిరిగిపోతుంది. ఉష్ణోగ్రత రాసుకునే లాగర్లు రెండు పెట్టండి, ఒకటి మధ్యలో, ఒకటి తలుపు దగ్గర. రేపు అక్కడ క్లెయిమ్ వస్తే మాట్లాడేది అవే.

ఇప్పుడు 1,540 అనే అంకె సంగతి. ఇన్వాయిస్, ప్యాకింగ్ లిస్ట్, షిప్పింగ్ బిల్లు, ఫైటోశానిటరీ సర్టిఫికెట్, బిల్ ఆఫ్ లేడింగ్ (ఓడ కంపెనీ ఇచ్చే సరుకు రసీదు), అన్నింటిలోనూ ఈ అంకె ఒకటే ఉండాలి. ప్యాక్‌హౌస్ నుంచే సీలు వేసి పంపడానికి మన పరిధిలోని కస్టమ్స్ ఆఫీసు నుంచి అనుమతి ముందే తీసుకుంటాం. అలా పంపేటప్పుడు యంత్రంతో చదివే ఆర్‌ఎఫ్‌ఐడీ ఈ-సీలు వేయాలి. ఆ సీలు వివరాల్లో షిప్పింగ్ బిల్లు నంబరు, తేదీ, కంటైనర్ నంబరు, బండి నంబరు, సీలు వేసిన సమయం ఎక్కించాలి. అంటే సీలు పడేలోపే షిప్పింగ్ బిల్లు దాఖలై ఉండాలి. ఏజెంటు తొందరపడి మంగళవారమే 1,540 అని బిల్లు వేస్తే, గురువారం లోడింగ్‌లో 1,512 తేలితే? సవరణ పెట్టాలి, ఆఫీసరు ఆమోదించాలి, అప్పటికి బండి కొల్హాపూర్ దాటి ఉంటుంది. మేం గురువారం పొద్దున కోల్డ్ రూమ్‌లో పెట్టెలు లెక్కపెట్టి, ఆ అంకెతో బిల్లు దాఖలు చేయిస్తాం, తర్వాతే లోడింగ్. బుధవారం కోతలో పాతిక గెలలు ఎక్కువ కోయడం ఇందుకే.

బిల్లు దాఖలు చేసే ముందు ఏజెంటు చెక్‌లిస్ట్ పంపుతాడు. రెండు మూడు పేజీల పీడీఎఫ్. చాలామంది ఫోన్‌లో పైపైన చూసి "ఓకే" అని పెడతారు. అది ప్రింట్ తీసి పెన్నుతో టిక్కు పెట్టుకుంటూ చదవాల్సిన కాగితం. మా చెక్‌లిస్ట్‌లలో మేం పట్టుకున్న తప్పులు చెబుతాను. సీఎఫ్ఆర్ (ఓడ ఖర్చు కలిసిన) ధర రాసి సముద్ర రవాణా ఖర్చు గడి ఖాళీగా వదిలేశారు. అప్పుడు మొత్తం ధర ఎఫ్‌ఓబీగా (ఓడ ఖర్చు లేని ధరగా) లెక్కకెళ్తుంది, తర్వాత బ్యాంకు దగ్గర అంకెలు కలవవు. ఇంకోసారి ప్రమాణం పెట్టెల్లో రాశారు, కిలోల్లో ఉండాలి. 2020 ఫిబ్రవరి 15 నుంచి సరుకు పుట్టిన రాష్ట్రం, జిల్లా కూడా తప్పనిసరి. అక్కడ ఏజెంటు తనకు అలవాటైన మహారాష్ట్ర జిల్లా పెట్టేశాడు. ఇది డబ్బుల తప్పు కాదు గానీ మన జిల్లా ఎగుమతి లెక్క ఆ గడి నుంచే వస్తుంది. పుట్లూరు కాయ ఇంకో జిల్లా ఖాతాలో పడితే నాకు ఒప్పుకోబుద్ధి కాదు, మార్పించే దాకా ఊరుకోను.

ఫైటో సర్టిఫికెట్ కోసం వచ్చే ఆఫీసరు కొన్ని పెట్టెలు విప్పించి చూస్తారు. ఆయన వెతికేది అత్తం వేళ్ళ సందుల్లో పిండినల్లి, పొలుసు పురుగు, మట్టి, ఎండిన పువ్వు ముక్కలు. కాయ చివర ఎండిన పువ్వు తోటలోనే తీయించాలి, ప్యాకింగ్ దగ్గర తీస్తే గాయమవుతుంది. సర్టిఫికెట్‌లో కొనుగోలుదారుడి పేరు ఇన్వాయిస్‌లో ఉన్న అక్షరాలతోనే ఉండాలి. ఒక "ట్రేడింగ్" పదం తప్పిపోయినా అవతల పోర్టులో కంటైనర్ నిలబడుతుంది, కరెంటు ఛార్జీ మీటరు తిరుగుతూ ఉంటుంది.

సీలు పడ్డాక బండిని వేబ్రిడ్జి ఎక్కించి వీజీఎం, అంటే సరుకుతో సహా కంటైనర్ ధ్రువీకరించిన బరువు, తీస్తాం. 2016 జూలై 1 నుంచి ఇది లేకుండా ఏ ఓడా కంటైనర్ ఎక్కించుకోదు. పెట్టె 14 కిలోల లెక్కన సరుకు 21,560, ఖాళీ కంటైనర్ సుమారు 4,700, మొత్తం 26 టన్నుల పైచిలుకు. వేబ్రిడ్జి కాగితంలో బండి, ట్రైలర్, జెన్‌సెట్ (దారిలో రీఫర్‌కు కరెంటు ఇచ్చే జనరేటర్) బరువు కూడా కలిసి ఉంటుంది, అది తీసేసి రాయాలి. జెన్‌సెట్ డీజిల్ ట్యాంకు నిండా ఉందో లేదో డ్రైవర్ మాట విని వదిలేయకుండా మూత తీసి చూడాలి. దారిలో ఆరు గంటలకోసారి డిస్‌ప్లే ఫోటో పంపమని డ్రైవరన్నకు చెప్పి, భోజనం ఖర్చుతో పాటు దానికీ కొంత ఇస్తాం. ఇచ్చిన చోట ఫోటోలు సమయానికి వస్తాయి.

నవా షేవాలో ఫ్యాక్టరీ సీలు కంటైనర్లు పార్కింగ్ ప్లాజాకు వెళ్తాయి. అక్కడ ఈ-సీలు చదివి, కాగితాలు సరిచూసి ఎల్ఈవో, అంటే ఎగుమతి అనుమతి, ఇస్తారు. తర్వాత ఫారం-13 అనే గేటు అనుమతి మీద టెర్మినల్ గేటు లోపలికి. గేటు దాటగానే ప్లగ్ పెట్టిన సమయం కనుక్కోండి. జెన్‌సెట్ తీసిన గంటకూ ప్లగ్ పెట్టిన గంటకూ మధ్య ఎంత ఖాళీ ఉందో లాగర్‌లో తేలుతుంది.

బిల్ ఆఫ్ లేడింగ్ డ్రాఫ్ట్ వచ్చినప్పుడు ఉష్ణోగ్రత 13.5 అని రాసి ఉందా, వెంటిలేషన్ ఉందా చూడాలి. ముంబై నుంచి జెబెల్ అలీ వారం లోపు ప్రయాణం. ఒరిజినల్ కాగితం కొరియర్‌లో పోయేలోపు ఓడ చేరిపోతుంది, కాబట్టి ఈ వ్యాపారంలో టెలెక్స్ రిలీజ్, అంటే ఒరిజినల్ చూపకుండానే సరుకు ఇవ్వమని ఓడ కంపెనీ పంపే సందేశం, మామూలు. అది ఇచ్చాక సరుకు మీద మన పట్టు పోయినట్టే. కనీసం సగం డబ్బు ముందుగా, మిగతాది బిల్ ఆఫ్ లేడింగ్ కాపీ చూపిన తర్వాత, అది పడ్డాకే రిలీజ్. "అక్కడ అమ్మి ఇస్తాను" అనే కొత్త కొనుగోలుదారుడికి కంటైనర్ పంపకండి. పాత వాళ్ళకు కూడా, డబ్బు రాకపోతే ఆదుకునే ఈసీజీసీ బీమా ఉంటే మంచిది. 2022 మే 1 నుంచి అమలులో ఉన్న యూఏఈ వ్యాపార ఒప్పందం కింద సర్టిఫికెట్ ఆఫ్ ఆరిజిన్ (సరుకు ఏ దేశానిదో చెప్పే పత్రం) కావాలో, మామూలుది చాలునో ఆర్డర్ తీసుకునే రోజే అడగండి. ఓడ వెళ్ళాక తీయడం తలనొప్పి.

ఓడ కదిలాక షిప్పింగ్ లైన్ ఈజీఎం, అంటే ఓడలో వెళ్ళిన సరుకు జాబితా, దాఖలు చేస్తుంది. అందులో కంటైనర్ నంబరులో ఒక అంకె తప్పు పడినా షిప్పింగ్ బిల్లు తెరిచే ఉంటుంది, జీఎస్టీ వాపసు ఆగిపోతుంది. వారం తర్వాత ఐస్‌గేట్‌లో మీరే చూసుకోండి, తప్పుంటే లైన్‌కు మెయిల్ పెట్టి సరిచేయించాలి. డబ్బు వచ్చేటప్పుడు మధ్యలో ఉన్న బ్యాంకు 25, 30 డాలర్లు కోసుకుంటుంది. ఇన్వాయిస్ 18,000 అయితే మనకు పడేది 17,970. ఆ ముప్పై డాలర్లు బ్యాంకు ఛార్జీ అని మన బ్రాంచిలో రాయించకపోతే, బిల్లు ఎగుమతి డబ్బు లెక్క చూసే రిజర్వ్ బ్యాంకు ఈడీపీఎంఎస్‌లో బాకీగా కనిపిస్తూనే ఉంటుంది. ప్రతి నెలాఖరున బ్రాంచికి వెళ్ళి పెండింగ్ జాబితా తీయించుకుంటాం, పూర్తయిన బిల్లుకు ఈ-బీఆర్‌సీ (డబ్బు వచ్చిందనే ధ్రువపత్రం) తీసి ఆ కంటైనర్ ఫైల్లో చివరి కాగితంగా పెడతాం.